1999 మార్చి అనుకుని కార్గిల్ మీద థ్రెట్ అసెస్‌మెంట్ రాయాలి, మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను

బెజవాడ_స్టూడెంట్:

అందరికీ నమస్తే. నేను హైదరాబాద్‌లో ఎంఏ ఇంటర్నేషనల్ రిలేషన్స్ సెకండియర్ చదువుతున్నా. ఈ సెమ్‌లో మా మేడమ్ ఒక ఎక్సర్‌సైజ్ ఇచ్చారు. మీరు 1999 మార్చి నెలాఖరులో ఢిల్లీలో జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీలో, అదే జేఐసీలో, పనిచేసే అధికారి అనుకోండి, వాజ్‌పేయి గారు బస్సులో లాహోర్ వెళ్ళొచ్చి నెల దాటింది, నియంత్రణ రేఖ వెంబడి వచ్చే ఆరు నెలల్లో పాకిస్తాన్ వైపు నుంచి ఏ ముప్పు ఉండొచ్చో ప్రధానికి, రక్షణ మంత్రికి వెళ్ళేలా రెండు పేజీల్లో రాయండి అన్నారు. కండిషన్ ఒక్కటే, ఆ రోజుకి తెలిసినవే వాడాలి, మే 3న గొర్రెల కాపరులు కొండల మీద చొరబాటుదారుల్ని చూసి చెప్పిన దగ్గర్నుంచి జరిగినదేదీ అందులో కనపడకూడదు.

నేను మొదట పదకొండు పేజీలు రాశా. 1947తో మొదలుపెట్టి 65, 71, సియాచిన్, 98 అణుపరీక్షలు అన్నీ పెట్టుకుంటూ వచ్చి చివరి పేజీలో ముప్పు గురించి రాశా. మేడమ్ మార్జిన్‌లో ఒక్క లైన్ రాసి తిరిగిచ్చేశారు, "ప్రధాని ఇది చదివి రేపు పొద్దున ఏం చెయ్యాలి?" అని. మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టా, ఇప్పుడు మొదటి పేరా ఇలా ఉంది:

"నియంత్రణ రేఖ వెంబడి పాకిస్తాన్ తన కార్యకలాపాలను ముమ్మరం చేసే అవకాశం లేకపోలేదు. చొరబాట్లు కొనసాగవచ్చు. కార్గిల్ సెక్టార్‌లో సైతం పరిస్థితిని నిశితంగా గమనించవలసి ఉంది. భద్రతా దళాలు అప్రమత్తంగా ఉండాలి."

ఇది పేపర్లో వార్తలా ఉందని నాకే తెలుస్తోంది కానీ ఎలా మార్చాలో తెలీట్లేదు. తర్వాత ఏం జరిగిందో నాకు తెలుసు కాబట్టి "కార్గిల్‌లోనే వస్తారు" అని రాసేస్తే అది మోసం, తెలీనట్టు రాద్దామంటే ఇదిగో ఇంత చప్పగా వస్తోంది.

మా బాబాయ్ ఆ వేసవిలో ద్రాస్ వైపు ఉన్నాడు, ఆర్మీ సిగ్నల్స్‌లో. ఆ రెండు నెలలూ ఇంట్లో ఫోన్ మోగితే మా నానమ్మ చేస్తున్న పని వదిలేసి లేచి నిలబడిపోయేదట, అప్పటికి నేను పుట్టలేదు. అందుకే మార్కుల కోసం ఏదో ఒకటి రాసి పడెయ్యాలని లేదు. ఈ పని నిజంగా చేసినవాళ్ళు, దీని గురించి బాగా చదివినవాళ్ళు ఎవరైనా ఉంటే దారి చూపించండి ప్లీజ్.

పాత_ఖాకీ:

అమ్మా, నేను ఢిల్లీ స్థాయి మనిషిని కాదు, ఒక జిల్లా స్పెషల్ బ్రాంచ్‌లో పదహారేళ్ళు చేసి రిటైరయ్యాను, ఆ మేరకే తీసుకో. కానీ మీ మేడమ్ రాసిన ఆ ఒక్క లైను దగ్గరే మొత్తం విషయం ఉంది.

మాకు ఏటా వినాయక నిమజ్జనం ముందు పై ఆఫీసుకి ఒక నోట్ వెళ్ళాలి. నేను చేరేటప్పటికే ఫైల్లో పాత నోట్ ఉండేది, తారీఖు మార్చి విగ్రహాల లెక్క మార్చి కింద "సిబ్బంది అప్రమత్తముగా నుండవలెను" అని పెట్టి పంపేసేవాళ్ళం. మూడో ఏడు కొత్త ఎస్పీ గారు వచ్చారు. నోట్ చేత్తో పట్టుకుని "నా దగ్గర ఉన్నవి రెండు ప్లాటూన్లు, ఊరేగింపు దారిలో ఏ మలుపు దగ్గర నిలబెట్టమంటావయ్యా, ఎన్నింటికి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ సాయంత్రం ఆ దారంతా నడిచాను. ఒక సందు మొగలో రోడ్డు పని కోసమని కంకర పోసి ఉంది, నడుము ఎత్తు కుప్ప, దానికి పక్కనే పోయినేడు గొడవైన టీ కొట్టు. ఆ కుప్ప ముందు నిలబడితే నాకు నోట్ మొత్తం అర్థమైపోయింది. కొత్తదాంట్లో మొదటి వాక్యమే ఇది రాశాను, రాత్రి ఎనిమిదికి పదికి మధ్య ఈ సందు మొగలో రాళ్ళు పడే అవకాశం మిగతా దారి మొత్తం మీద కంటే ఎక్కువ, కంకర ఈలోగా ఎత్తిస్తే ఒక ప్లాటూన్ సరిపోతుంది, ఎత్తించకపోతే రెండూ ఇక్కడే కావాలి అని. ఎస్పీ గారు సంతకం పెట్టేసి మున్సిపాలిటీకి ఫోన్ చేశారు.

నీ పేరాలో "అప్రమత్తంగా ఉండాలి" తీసెయ్. అప్రమత్తంగా ఉండొద్దని ఎవరూ అనరు కాబట్టి ఆ మాట వల్ల ఎవరూ చేసే పని మారదు. ముందు ఒక తెల్ల కాగితం తీసుకుని 1999 మార్చిలో ఆ ఇద్దరు పెద్దమనుషుల చేతిలో ఏమేం ఉన్నాయో రాసుకో. చలికాలంలో ఖాళీ చేసిన పోస్టుల్లోకి ఈసారి ముందే వెళ్ళమనొచ్చా, హెలికాప్టర్ నిఘా పెంచమనొచ్చా, ఫలానా విషయం కనుక్కోమని మన విదేశీ గూఢచర్య సంస్థ 'రా' వాళ్ళకి చెప్పొచ్చా. ఆ తర్వాత నీ దగ్గరున్న ప్రతి సమాచారాన్నీ ఆ కాగితం పక్కన పెట్టి చూడు, వీటిలో దేన్నీ కదపని సమాచారమైతే ఎంత గొప్పదైనా రెండు పేజీల్లోకి రాదు, అనుబంధంలో పడెయ్.

ఇంకొకటి. సమాచారం తెచ్చిన మనిషిని, తెచ్చిన మాటని విడివిడిగా తూచు. సోర్స్‌కి ఏ నుంచి ఎఫ్ దాకా అక్షరం, వార్తకి 1 నుంచి 6 దాకా అంకె వేసే పద్ధతి చాలా దేశాల్లో ఉంది. ఎందుకంటే పదేళ్ళుగా నమ్మకంగా పనిచేసిన మనిషి కూడా టీ కొట్టు దగ్గర విన్న పుకారు మోసుకొస్తాడు, ఎప్పుడూ అబద్ధాలు చెప్పేవాడు ఒక్కోసారి నిజం చెప్తాడు.

మ్యాపుల_పిచ్చి:

పాత_ఖాకీ గారు చెప్పిన తెల్ల కాగితం పద్ధతికి దండం. నేను యుద్ధం తర్వాత లోపాలెక్కడున్నాయో చూడ్డానికి వేసిన కార్గిల్ రివ్యూ కమిటీ రిపోర్టు దగ్గర్నుంచి వస్తా, ఎందుకంటే నీ ఎక్సర్‌సైజ్‌కి కావలసిన ముడిసరుకు చాలావరకు అందులోనే ఉంది. కె. సుబ్రహ్మణ్యం గారు ఛైర్మన్‌గా, జనరల్ హజారీ, వర్గీస్, సతీశ్ చంద్ర సభ్యులుగా 1999 జులై ఆఖర్లో వేశారు, 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందు పెట్టారు, కొన్ని భాగాలు తీసేసి బయటికిచ్చారు కానీ మిగిలింది చాలు. చదివితే కడుపులో దేవినట్టుంటుంది.

మొదటిది, 1998 జూన్ 2 ఉత్తరం. పాకిస్తాన్ అణుపరీక్షలు చేసి వారం కూడా కాలేదు అప్పటికి. కార్గిల్‌కి ఎదురుగా పాకిస్తాన్ వైపున్న ఎఫ్‌సీఎన్‌ఏ, అంటే వాళ్ళ సైన్యపు ఫోర్స్ కమాండ్ నార్తర్న్ ఏరియాస్ ప్రాంతంలో కదలికల మీద దేశం లోపలి గూఢచర్యం చూసే ఐబీ దగ్గరికి కొన్ని సమాచారాలు వచ్చాయి, ఐబీ డైరెక్టర్ వాటిని ముఖ్యమని అనుకుని స్వయంగా తన సంతకంతో పంపారు. ఎవరికి? ప్రధానికి, హోం మంత్రికి, కేబినెట్ సెక్రటరీకి, హోం సెక్రటరీకి, సైనిక ఆపరేషన్లు చూసే డీజీఎంఓకి. ఎవరికి వెళ్ళలేదు? బయటి దేశాల గూఢచర్యం చూసే రా కార్యదర్శికి, అన్నీ కలిపి అంచనా కట్టాల్సిన జేఐసీ ఛైర్మన్‌కి, సైన్యం తరఫున ముప్పు అంచనా తయారుచేసే డీజీఎంఐకి. ఆ సమాచారంతో అసలు పని ఉన్న ముగ్గురికీ వెళ్ళలేదు! పైవాళ్ళకి పంపితే కిందికి దిగుతుందిలే అనుకున్నామని కమిటీకి చెప్పారు. నేను ఆ పేజీ చదివిన రాత్రి చాలాసేపు నిద్రపట్టలేదు, ఎందుకంటే ఇందులో దుర్మార్గం ఏమీ లేదు, బద్ధకం కూడా లేదు, ఒక సీనియర్ అధికారి శ్రద్ధగా సంతకం పెట్టి పంపిన కాగితం అది, అయినా చేరాల్సిన బల్ల మీదికి చేరలేదు.

రెండోది నీకు ఇంకా ముఖ్యం. 1998 సెప్టెంబర్‌తో ముగిసిన ఆరు నెలల నివేదికలో పాకిస్తాన్ పరిమితంగా, వేగంగా ఒక దాడి చెయ్యొచ్చనే మాట రా రాసింది. దానికి ఆధారాలేమిటో రాయలేదు. ఆ తర్వాతి ఆరు నెలల నివేదిక, అంటే 1999 మార్చిది, నువ్వు కూర్చున్న నెలదే, అందులో ఆ మాటే లేదు, పైగా డబ్బు ఇబ్బందుల్లో ఉన్న పాకిస్తాన్‌కి ఇప్పుడు యుద్ధం తెలివైన నిర్ణయం కాదన్న ధోరణిలో ఉంది. ఒక అంచనా వచ్చింది, పోయింది. ఎందుకొచ్చింది, ఎందుకు పోయింది, ఆ మధ్యలో ఏం మారింది అని ఎవరైనా గట్టిగా అడిగి ఉంటే బాగుండేది. జేఐసీ సీట్లో ఉన్నావు కాబట్టి ఆ ప్రశ్న అడగాల్సింది నువ్వే.

మూడోది, కమిటీ దేన్ని అసలు వైఫల్యం అందో చూడు. కార్గిల్ ఎదురుగా 1998లో ఏ బెటాలియన్లు వచ్చాయి, ఏవి వెళ్ళాయి, ఉన్నవాటి పేర్లేమిటి అన్న కచ్చితమైన సమాచారం లేకపోవడం. సైన్యం భాషలో ఆర్బాట్. పడమర కావోబల్ గలీ నుంచి తూర్పున చోర్బత్ లా దాకా 168 కిలోమీటర్ల సెక్టార్ అది. దాడికి ముందు కనపడాల్సిన గుర్తులు, అంటే రోడ్లు బాగుచెయ్యడం, కమ్యూనికేషన్లు పెంచడం, బలగాలు ముందుకు జరపడం లాంటివి, ఏ ఏజెన్సీ కూడా చెప్పలేదు. జేఐసీ రిపోర్టుల్ని పైన ఎవరూ అంతగా పట్టించుకోరు, మీటింగులకి ఏజెన్సీలు జూనియర్లని పంపుతున్నాయి అని కూడా కమిటీ రాసింది.

అందుకని నా అభిప్రాయం ఇది, ఎవరైనా కాదంటే వాదిద్దాం. 1999 మార్చిలో నిజాయితీగా రాసిన ఏ అసెస్‌మెంటూ "కార్గిల్‌లో వస్తారు" అని చెప్పి ఉండేది కాదు, చెప్పడానికి ఆధారం లేదు. కానీ "ఈ సెక్టార్ ఎదురుగా ఎవరున్నారో మాకు తెలీదు, ఫలానా తేదీలోగా తెలియాలి, తెలియకపోతే ఈ ప్రమాదాన్ని కొట్టెయ్యలేం" అని రాయగలిగి ఉండేది. నీకు చప్పగా అనిపిస్తోంది కదా, తెలియని చోటుని పేరు పెట్టి రాసి చూడు, చప్పదనం పోతుంది.

527 మంది పోయారు. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య ద్రాస్ సెక్టార్‌లో పోయింది జూన్ 28న, మహావీర చక్ర ఇచ్చారు. ఇలాంటి కాగితం రాసేటప్పుడు అది గుర్తుండాలని నా ఉద్దేశం.

బెంగళూరు_రాత్రిషిఫ్ట్:

నేను ఒక కంపెనీలో సైబర్ థ్రెట్ ఇంటెలిజెన్స్ చేస్తా, దేశ భద్రత కాదు కానీ వాక్యాల జబ్బు మాత్రం ఒకటే. నీ పేరాలో "అవకాశం లేకపోలేదు" అన్నావు చూడు, దాని గురించే నా గొడవంతా. మన తెలుగులో ఈ మాట ఎంత హాయిగా ఉంటుందంటే రాసినవాడికి ఏ బాధ్యతా ఉండదు. జరిగితే ముందే చెప్పాం, జరగకపోతే లేకపోలేదు అన్నాం కానీ ఉందని అనలేదు కదా. మొన్న డ్యూటీలో టీ తాగుతూ మా టీమ్‌లో తెలుగువాళ్ళని అడిగా, "దాడి జరిగే అవకాశం లేకపోలేదు" అంటే నూటికి ఎంత అని. ఒకావిడ పది అంది, పక్కనే కూర్చున్నాయన అరవై అన్నాడు. ఇద్దరూ రోజూ ఒకే పేపర్ చదువుతారు.

ఇది కొత్త సమస్య కాదు. 1951లో సీఐఏలో షెర్మన్ కెంట్ అనే ఆయన ఆధ్వర్యంలో యుగోస్లావియా మీద సోవియట్ కూటమి దాడి చేస్తుందా అని ఒక అంచనా రాశారు, అందులో దాడిని గట్టిగా పరిగణించాల్సిన అవకాశంగా చూడాలి అన్న అర్థం వచ్చే మాట వాడారు. విదేశాంగ శాఖ అధికారి ఒకాయన మాటల్లో పడి ఇంతకీ ఎంత అంటారు అని అడిగితే కెంట్ 65కి 35, జరిగేవైపే మొగ్గు అన్నాడు. ఆయన ఉలిక్కిపడ్డాడు, వాళ్ళంతా చాలా తక్కువ అని అర్థం చేసుకున్నారు. అప్పుడు కెంట్ వెనక్కొచ్చి ఆ కాగితం మీద కలిసి కూర్చుని ఒప్పుకున్న తన సొంత టీమ్‌నే అడిగాడు. ఒకరు 80కి 20 అంటే ఇంకొకరు 20కి 80. చదివినవాళ్ళ సంగతి సరే, రాసినవాళ్ళే ఒక మాటకి నాలుగు అర్థాలతో సంతకం పెట్టారన్నమాట.

ఇప్పుడు బ్రిటన్ వాళ్ళ పట్టికలో మాటకో అంకె ఉంటుంది, బహుశా జరుగుతుంది అంటే 55 నుంచి 75, చాలావరకు జరుగుతుంది అంటే 80 నుంచి 90, జరగకపోవచ్చు అంటే 25 నుంచి 35 ఇలా. అమెరికా వాళ్ళదీ ఇలాంటిదే ఉంది, అంకెలు కొంచెం తేడా. నువ్వు ఏదో ఒకటి తీసుకో, మొదటి పేజీ కింద చిన్న పట్టికగా పెట్టు, ఆ మాటలు తప్ప వేరే మాట వాడకు. ఉండొచ్చు, రావొచ్చు, గమనించవలసి ఉంది, ఇవన్నీ ఏరి పారెయ్.

ఇంకో విషయం, సంభావ్యత వేరు నమ్మకం వేరు. 20 శాతం అని చెప్తూ ఆ అంకె మీద మాకు నమ్మకం తక్కువ, సోర్సులు సరిపోలేదు అని చెప్పొచ్చు. ఈ రెండూ కలిపేస్తే చదివేవాళ్ళు తక్కువ శాతాన్ని చూసి నిశ్చింతగా పడుకుంటారు.

డల్లాస్_శ్రీకాకుళం:

అందరూ బాగా చెప్పారు కానీ రెండు చోట్ల నాకు అభ్యంతరం ఉంది.

ఒకటి, పాత_ఖాకీ గారూ, జిల్లా స్థాయిలో మీరు చేసింది కరెక్టే సార్, కానీ జాతీయ స్థాయిలో అంచనా కట్టేవాడు "ఇది చెయ్యండి" అని చెప్పడం మొదలుపెడితే కష్టం. వాడి మనసులో ఒక పరిష్కారం ఉందంటే సమాచారం మెల్లగా దానివైపే ఒంగుతుంది. ఇక్కడ అమెరికాలో 2002 అక్టోబర్‌లో ఇరాక్ మీద వచ్చిన అంచనాని చూడండి. యుద్ధం వైపు గాలి వీస్తుంటే సెనేట్ అడిగిందని మూడు వారాల్లోపు తయారుచేశారు. ఇరాక్ కొంటున్న అల్యూమినియం గొట్టాలు యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజ్ యంత్రాల కోసమే అన్నారు, సెంట్రిఫ్యూజ్‌ల గురించి నిజంగా తెలిసిన ఇంధన శాఖ నిపుణులు కాదన్నారు, విదేశాంగ శాఖ ఇంటెలిజెన్స్ వాళ్ళు కూడా ఒప్పుకోలేదు. ఆ భిన్నాభిప్రాయాలు కాగితంలో ఉన్నాయి, లేకపోలేదు, కానీ తొంభై పేజీల పైన ఉన్న దాంట్లో ఎంతమంది అక్కడిదాకా చదువుతారు? జీవాయుధాల విషయానికొస్తే కర్వ్‌బాల్ అని పేరు పెట్టిన ఒకే ఒక్క మనిషి మాట మీద చాలావరకు నిలబెట్టారు, ఆయన జర్మనీ వాళ్ళ దగ్గర ఉన్నాడు, యుద్ధానికి ముందు అమెరికా వాళ్ళు ఆయన్ని నేరుగా కూర్చోబెట్టి ప్రశ్నించనేలేదు. 2005లో దీని మీద వేసిన విచారణ కమిషన్ తేల్చింది, దాదాపు అన్నీ తప్పే అని. కాబట్టి అమ్మాయ్, నీ కమిటీలో ఎవరైనా ఒప్పుకోకపోతే ఆ మాట మొదటి పేజీలోనే ఉండాలి.

రెండు, ఈ శాతాలు. పాకిస్తాన్‌లో అబోటాబాద్ ఇంట్లో ఉన్నది బిన్ లాడెనేనా అని 2011లో ఒబామా అడిగితే ఒకరు 95 అన్నారు, ఒకరు 40 అన్నారు, చివరికి ఆయన ఇది ఫిఫ్టీ ఫిఫ్టీ అని తేల్చేశాడు. అంత పెద్ద వ్యవస్థ దగ్గరే అంకెలు అలా ఉంటే స్టూడెంట్ రాసిన 22 శాతానికి ఏం విలువ?

బెంగళూరు_రాత్రిషిఫ్ట్:

అన్నా, నేను అదే ఉదాహరణ నా వైపు చెప్తా. అంకెలు అడిగారు కాబట్టే వాళ్ళ మధ్య ఎంత తేడా ఉందో గదిలో అందరికీ తెలిసింది, తాను పందెం వేస్తున్నానని తెలిసే ఒబామా సంతకం పెట్టాడు. అందరూ "బలమైన అవకాశం" అని ఊరుకుని ఉంటే ఆ 40 మనిషి, ఆ 95 మనిషి ఒకరికొకరు ఒప్పుకున్నట్టే కనపడేవాళ్ళు. 22 అని రాయొద్దులే, ఒప్పుకుంటా, పట్టీగా రాయాలి, 15 నుంచి 30 ఇలా.

పాత_ఖాకీ:

డల్లాస్ బాబూ, నీ మొదటి మాట ఒప్పుకుంటున్నాను. కంకర ఎత్తించమని నేను రాయడం వేరు, యుద్ధం చెయ్యమని రాయడం వేరు. అయితే ఏ సమాచారం తెప్పించాలో, ఏ గుర్తు కనపడితే అంచనా మార్చాలో చెప్పడం మాత్రం రాసేవాళ్ళ పనే. ఆ గీత దగ్గర ఆగితే ఇద్దరికీ సరిపోతుంది.

బెజవాడ_స్టూడెంట్:

అందరికీ చాలా చాలా థాంక్స్, రెండు రోజులు దీని మీదే కూర్చున్నా. ఇప్పుడు మొదటి పేజీ ఇలా వచ్చింది:

"వచ్చే ఆరు నెలల్లో పాకిస్తాన్ పూర్తి స్థాయి యుద్ధానికి దిగే సంభావ్యత 5 శాతం లోపు. చొరబాట్లు, ఫిరంగి కాల్పులు కొనసాగడం దాదాపు ఖాయం, 95 శాతం పైన. ఈ రెండిటి మధ్య మూడోది ఒకటుంది, చలికాలంలో మనం ఖాళీ చేసే ఎత్తుల్లోకి చిన్న బలగంతో వచ్చి నేల పట్టుకుని కూర్చోవడం. దీనికి 25 నుంచి 35 శాతం. ఈ అంకె మీద మా నమ్మకం తక్కువ. కార్గిల్ సెక్టార్ ఎదురుగా ఏ బెటాలియన్లు ఉన్నాయో, గత ఏడాది ఏవి వచ్చి ఏవి వెళ్ళాయో మా దగ్గర కచ్చితమైన సమాచారం లేదు.

పరిమిత దాడి గురించి గత సెప్టెంబర్ నివేదికలో ఉన్న మాట ఈ మార్చి నివేదికలో లేదు. ఈ మధ్యలో ఏ కొత్త సమాచారం వల్ల అది తీసెయ్యాల్సి వచ్చిందో సంబంధిత సంస్థ రాతపూర్వకంగా చెప్పాలి.

ఏప్రిల్ 30లోగా తెలియాల్సినవి: ఎదుటి బెటాలియన్ల గుర్తింపు, మంచు కరగకముందే ముందు వరసకి సామాన్లు, మందుగుండు చేరుతున్నాయా లేదా. ఇవి తెలియకుండా ఏప్రిల్ దాటితే మూడో ప్రమాదాన్ని తోసిపుచ్చలేం. పాకిస్తాన్ ఆర్థిక పరిస్థితి దృష్ట్యా ఇటువంటి చర్య ఆ దేశానికి లాభదాయకం కాదు."

మ్యాపుల_పిచ్చి:

ఎంత మారిపోయిందో! రెండు విషయాలు మాత్రం చెప్తా, కటువుగా అనుకోకు.

ఆ చివరి వాక్యం తీసెయ్. లాభదాయకం కాదు అన్నది మన లెక్క, రావల్పిండిలో పాక్ సైన్యం హెడ్‌క్వార్టర్స్‌లో కూర్చున్నవాళ్ళ లెక్క కాదు. 1962 సెప్టెంబర్ 19న సీఐఏ ఇదే తప్పు చేసింది, క్యూబాలో అణు క్షిపణులు పెట్టడం సోవియట్ల ఇప్పటిదాకా ఉన్న పద్ధతికే విరుద్ధం, అంత రిస్క్ తీసుకోరు అని అంచనా రాసింది, సరిగ్గా అక్టోబర్ 14న యూ-2 నిఘా విమానం ఆ క్షిపణుల ఫొటోలు తెచ్చింది. వాళ్ళ డైరెక్టర్ మెకోన్ ఒక్కడే మొదట్నుంచీ అనుమానపడ్డాడు, హనీమూన్‌కి ఫ్రాన్స్ వెళ్ళి కూడా అక్కణ్ణుంచి టెలిగ్రాములు పంపుతూ ఉన్నాడు. వాళ్ళ కళ్ళతో చూస్తే ఏం కనపడుతుందో రాయి, ఆ ఎత్తుల కింద నుంచే శ్రీనగర్ లేహ్ రోడ్డు వెళ్తుంది, చలికాలంలో మనం అక్కడ ఉండం, రెండు దేశాల దగ్గరా బాంబులున్నాయి కాబట్టి భారత్ యుద్ధాన్ని పెద్దది చెయ్యదని వాళ్ళు అనుకోవచ్చు. అలా చూస్తే అది వాళ్ళకి పిచ్చి పనిగా కనపడదు.

రెండోది, ఆ 25 నుంచి 35 ఎక్కణ్ణుంచి వచ్చింది? నిజం చెప్పు, మే నెలలో ఏం జరిగిందో తెలియకపోతే అంత పెట్టేదానివా? 98 వేసవిలో ఫిరంగి కాల్పులు ఎక్కువయ్యాయి అన్నది మూడు ఊహల్లో దేనికైనా సరిపోతుంది, అన్నిటికీ సరిపోయే ఆధారం ఏ అంకెనీ కదపకూడదు. సామాన్లు చేరడం లాంటివి మాత్రం మూడోదానికే సరిపోతాయి, అవి నీ దగ్గర లేవు.

బెజవాడ_స్టూడెంట్:

కటువేం లేదన్నా, నిజమే అన్నావు. అడిగిన దగ్గర్నుంచి నాకూ అనుమానం వచ్చి నిన్న రాత్రి ఒక పని చేశా. మా రూమ్మేట్ ఎం.ఫార్మసీ, తనకి ఈ చరిత్ర ఏమీ తెలీదు. రెండు దేశాల పేర్లు, ఊళ్ళ పేర్లు మార్చేసి, పన్నెండు పాయింట్లు ఒక కాగితం మీద రాసిచ్చి ఎంత అనిపిస్తోంది అని అడిగా. చాలాసేపు ఆలోచించి పది అంది. "ఎందుకు పది?" అంటే, "వాళ్ళు వస్తారనడానికి ఇందులో ఏమీ లేదు, రారనడానికీ ఏమీ లేదు, కానీ ఆ కొండల ఎదురుగా ఎవరున్నారో తెలీదని నువ్వే రాశావు, నేనైతే ముందు అది కనుక్కుంటా" అంది.

అంకె 5 నుంచి 20కి దించేశా. ఆర్థిక పరిస్థితి వాక్యం తీసేసి శ్రీనగర్ లేహ్ రోడ్డు పాయింట్ పెట్టా. వింత ఏంటంటే అంకె సగానికి పైగా తగ్గినా ఏప్రిల్ 30 పేరాలో ఒక్క అక్షరం కూడా మార్చాల్సిన అవసరం రాలేదు.

మా గ్రూప్‌లో ఒకమ్మాయి 5 శాతం కూడా ఎక్కువే అంటోంది, లాహోర్ తర్వాత ఇది జరగదని తన వాదన. ఆ వాదనని రెండు వాక్యాల్లో తన పేరుతోనే మొదటి పేజీలో పెట్టా.

పాత_ఖాకీ:

బాగుందమ్మా. ఒక్కటి మర్చిపోయావు, కాపీలు ఎవరెవరికి? మొదటి పేజీ పైన కుడి పక్కన రాయాలి.

బెజవాడ_స్టూడెంట్:

రాశా సార్. ప్రధాని, రక్షణ మంత్రి, హోం మంత్రి, కేబినెట్ సెక్రటరీ, డీజీఎంఓ, వీళ్ళ కింద రా కార్యదర్శి, ఐబీ డైరెక్టర్, డీజీఎంఐ. చివరి మూడు పేర్ల ఎదురుగా "ఏప్రిల్ 30లోగా జవాబు కావాలి" అని కూడా పెట్టా. రేపు పదకొండింటికి క్లాసులో బ్రీఫింగ్, బాబాయ్‌కి కూడా ఫొటో తీసి పంపించా, ఇంకా చూడలేదు.